బిగుసుకుపోయిన రైఫిల్ బ్యారెల్‌ని రిసీవర్ పాడవకుండా విప్పడం ఎలా?

"అన్నా, మూడడుగుల పైపు తగిలించి లాగినా బ్యారెల్ కదలట్లేదు. ఇంకా పొడుగుది తేవాలా?"

టెక్సస్‌లో వేట సీజన్ ముగిసి రైఫిళ్లు పని బల్ల మీదికి ఎక్కే రోజుల్లో మనవాళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఒకరు సెకండ్ హ్యాండ్‌లో రెమింగ్టన్ 700 కొని, అరిగిన బ్యారెల్ తీసి కొత్తది వేసుకుందామనుకుంటారు. ఇంకొకరి చేతిలో పాత మిలిటరీ మౌజర్ ఉంటుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెబుతుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

పొడుగు పైపు తేవద్దు. ముందు పట్టు సంగతి చూడండి. నా దగ్గరికి "కదలట్లేదు" అని వచ్చిన రైఫిళ్లలో ఎక్కువవాటికి బ్యారెల్‌ని రిసీవర్‌కు (బ్యారెల్ వెనక, ట్రిగ్గర్ అమరే ఇనుప భాగం) పట్టి ఉంచే మరల దాకా అసలు బలం చేరనే లేదు. వైస్‌లో బ్యారెల్ జారింది, రెంచ్ వదులైంది, లేకపోతే బల్లే లేచింది. పట్టు సరిగ్గా కుదిరితే మామూలు మనిషి రెండడుగుల కడ్డీతో విప్పగలడు.

మొదలుపెట్టే ముందు చట్టం గురించి ఒక మాట. ఇది అమెరికాలో సొంత రైఫిల్ మీద సొంతంగా చేసుకునేవారి కోసం రాస్తున్నాను. డబ్బు తీసుకుని వ్యాపారంగా ఇతరుల తుపాకులకు పనిచేయాలంటే అక్కడ ఫెడరల్ లైసెన్స్ కావాలి. కొత్తగా వేసే బ్యారెల్ 16 అంగుళాల కంటే పొట్టిగా ఉండకూడదు, ఉంటే వేరే చట్టం కిందికి వెళుతుంది. మీ రాష్ట్రం నిబంధనలు విడిగా చూసుకోండి. ఇండియాలో ఉన్నవారు దీన్ని ప్రయత్నించవద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ రిపేరు చేయడమే నేరం. తాతగారి రైఫిల్ అయినా సరే, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే తీసుకెళ్లాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఏది దక్కాలి?

బ్యారెల్ దక్కాలా, రిసీవర్ దక్కాలా, రెండూ దక్కాలా? ఇది ఇప్పుడే తేల్చుకోండి. బ్యారెల్ ఎలాగూ అరిగిపోయి పారేసేదైతే పని చాలా తేలిక, ఎందుకంటే చివరి ఉపాయంగా దాన్ని కోసేయవచ్చు. రెండూ కావాలంటే ఓపిక కావాలి, రోజులు పట్టవచ్చు. రిసీవర్ మాత్రం ఎప్పుడూ దక్కాల్సిందే. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవరే, నంబరు కూడా దాని మీదే ఉంటుంది. అది వంకరపోతే మీకు మిగిలేది ఇనుప ముక్కే.

తర్వాత మీ మోడల్ ఎలాంటిదో తెలుసుకోండి.

రెమింగ్టన్ 700లో రికాయిల్ లగ్ అనే మందపాటి పలక బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య వాషర్‌లా ఇరుక్కుని ఉంటుంది. రెంచ్ దాని మీద పడకూడదు. సావేజ్ 110లో బ్యారెల్‌ని ఒక పెద్ద నట్ బిగించి ఉంచుతుంది. ముందు ఆ నట్ వదులు చేయాలి, బ్యారెల్‌తో కుస్తీ పట్టకూడదు. మౌజర్ 98లో బ్యారెల్ వెనక అంచు రిసీవర్ లోపలున్న ఒక కట్టుకు ఆనుకుని బిగుస్తుంది. ఈ సంగతి కోత దగ్గర మళ్లీ పనికొస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఎం1917 రైఫిళ్లు, ముఖ్యంగా ఎడ్డిస్టోన్‌లో చేసినవి, మహా గట్టిగా బిగించి ఉంటాయి. బలవంతంగా విప్పబోతే రిసీవర్ పగుళ్లు తేలడం తుపాకీ పనివాళ్లందరికీ తెలిసిన సంగతే. దాని బ్యారెల్ మీకు అక్కరలేకపోతే 1, 2 మెట్లు పూర్తిచేసి మొహమాటం లేకుండా నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి.

చిన్న .22 రైఫిళ్లలో కొన్నింటికి మరలే ఉండవు. బ్యారెల్‌ని లోపలికి నొక్కి, అడ్డంగా పిన్ను దిగ్గొట్టి ఉంటారు. అలాంటిది తిప్పితే విరుగుతుంది. పిన్ను ఉందేమో ముందే వెతకండి.

కావలసినవి

- బ్యారెల్ వైస్. మామూలు బెంచ్ వైస్ చాలదు. రెండు దిమ్మెల మధ్య బ్యారెల్‌ని పెట్టి నాలుగు లావు బోల్టులతో బిగించేది కావాలి.
- ఆ దిమ్మెల్లో పెట్టడానికి మీ బ్యారెల్ లావుకు సరిపడే అల్యూమినియం లేదా గట్టి ఓక్ చెక్క బుషింగులు.
- రోజిన్ పొడి. వయొలిన్ కమానుకు రాసే బిళ్లను పొడి చేసినా సరిపోతుంది. అదీ దొరక్కపోతే పంచదార పొడి చల్లేవాళ్లూ ఉన్నారు. పని జరుగుతుంది కానీ తర్వాత తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి నూనె పట్టించాలి, లేకపోతే తుప్పు.
- మీ మోడల్‌కు తగిన యాక్షన్ రెంచ్, రిసీవర్ ముందు భాగాన్ని బయటి నుంచి పట్టుకునేది.
- తుప్పు వదిలించే పలుచటి నూనె. క్రోయిల్ లాంటిది కొనవచ్చు, లేదా అసిటోన్, ఆటోమేటిక్ కార్ల ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ATF) సమపాళ్లలో కలుపుకోవచ్చు.
- హీట్ గన్, రెండు పౌన్ల సుత్తి, సన్నని మార్కర్, అసిటోన్, పాత గుడ్డలు, కళ్లద్దాలు.
- తిరిగి బిగించాలనుకుంటే మీ క్యాలిబర్‌కు గో, నో-గో గేజీలు (చివర్లో చెప్పే హెడ్‌స్పేస్ సరిగ్గా ఉందో లేదో చూసే ఇనుప కొలతలు).

రెంచ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి తోసి వెనక మూసే కడ్డీ) వెళ్లే దారిలోంచి లోపలికి దూర్చే రకం రెంచ్ ఒకటుంది. చవక, వాడటం సులువు. మామూలుగా బిగించిన బ్యారెల్‌కు అది చాలు. మొండికేసిన దానికి మాత్రం వద్దు. రిసీవర్ మధ్యలో తూటాల కోసం కిందా పైనా కోసి ఉంటుంది కాబట్టి ఆ భాగం బలహీనం. వెనక నుంచి మెలి తిప్పితే బ్యారెల్ వదలకముందే ఆ భాగం మెలి తిరగవచ్చు. మరలున్నది ముందు భాగంలో, కాబట్టి బలం కూడా అక్కడే పడాలి.

పని

1. ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ బయటికి లాగండి, ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) వేలు పెట్టి తడిమి చూడండి. బ్యారెల్‌లోంచి వెలుతురు కనబడాలి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తర్వాత హీట్ గన్ వాడబోతున్నాం.

2. అన్నీ ఊడదీయండి. స్టాక్, ట్రిగ్గర్, బోల్ట్ స్టాప్, స్కోప్, స్కోప్ బేసులు, వాటి స్క్రూలు అన్నీ తీయాలి. ముందు బేసు స్క్రూను మర్చిపోయేవాళ్లు చాలామంది. ఆ రంధ్రం సరిగ్గా బ్యారెల్ మరల మీదికి వస్తుంది. ఎవరో పొడుగు స్క్రూ వేసి ఉంటే దాని కొస బ్యారెల్ మరల్లోకి దిగి తాళం వేసినట్టు పట్టుకుంటుంది. "ఎంతకీ రాలేదు" అన్న రైఫిల్ ఒకటి ఆ చిన్న స్క్రూ తీశాక మాట వినింది. పాత రైఫిళ్లలో రిసీవర్ కింద దాగిన పిన్నులు, స్క్రూలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి.

3. నూనెలో నాననివ్వండి. ఛాంబర్‌లో గుడ్డ లేదా కార్కు బిగించి, మూతి కిందికి వచ్చేలా రైఫిల్‌ని నిలబెట్టండి. రిసీవర్ లోపల, బ్యారెల్ వెనక అంచు చుట్టూ నూనె పోయండి. అక్కడి నుంచి మరల్లోకి దిగుతుంది. బయట కీలు (బ్యారెల్, రిసీవర్ కలిసే చోటు) దగ్గర కూడా చుట్టూ రాయండి. రోజుకు రెండుసార్లు పోస్తూ కనీసం మూడు రోజులు ఉంచండి. పాత మిలిటరీ రైఫిల్ అయితే వారం. వాటి మరల్లో దశాబ్దాల కిందటి గ్రీజు లక్కలా గడ్డకట్టి ఉంటుంది. రాత్రికి పోసి పొద్దున్నే విప్పేద్దామనుకుంటే నూనెకు టైమ్ సరిపోదు.

4. పట్టు కుదర్చండి. ఈ పనిలో అసలైన మెట్టు ఇదే.

బ్యారెల్‌నీ బుషింగులనూ అసిటోన్‌తో రెండుసార్లు తుడవండి. మూడో నాడు నూనెలోంచి తీసినదాన్ని పైపైన తుడిచి వైస్‌లో పెడితే సబ్బు ముక్కలా జారుతుంది. బుషింగుల లోపల రోజిన్ పొడి పలుచగా చల్లండి. బ్యారెల్‌ని రిసీవర్‌కు ఎంత దగ్గరగా పట్టుకోగలిగితే అంత మంచిది, ఒకటి రెండు అంగుళాల్లోపు. దూరంగా పట్టుకుంటే మధ్యలో ఉన్న బ్యారెల్ స్ప్రింగులా మెలితిరిగి మీరు కొట్టే దెబ్బను మింగేస్తుంది.

బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించండి. కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా. పై దిమ్మెకూ కింది దిమ్మెకూ మధ్య సందు నాలుగు వైపులా సమానంగా ఉండాలి. సందే లేకుండా రెండు దిమ్మెలూ కలిసిపోయాయంటే అవి బ్యారెల్‌ని కాదు, ఒకదాన్నొకటి నొక్కుతున్నాయని అర్థం. బుషింగు మార్చండి.

వైస్ బల్లకు, బల్ల నేలకు బోల్టు చేసి ఉండాలి. ఇంకో మనిషి బల్ల మీద కూర్చుంటే సరిపోతుందిలే అనుకోవద్దు.

ఇప్పుడు మార్కర్‌తో రెండు గీతలు గీయండి. ఒకటి బ్యారెల్ మీంచి రిసీవర్ మీదికి. రెండోది బ్యారెల్ మీంచి వైస్ దిమ్మె మీదికి. నిమిషం పట్టని పని. ఈ రెండు గీతలే మీకు నిజం చెబుతాయి.

నేను మొదటిసారి విప్పిన మౌజర్‌కు ఈ గీతలు గీయలేదు. కడ్డీ లాగగానే "కిర్ర్" అని కదిలింది, వచ్చేసిందనుకుని ఇంకా లాగాను. తీసి చూస్తే రిసీవర్ దగ్గర కీలు వెంట్రుకంత కూడా కదల్లేదు. తిరిగింది బ్యారెల్, వైస్‌లో. దాని నల్లటి పూత మూడు అంగుళాల మేర గీసుకుపోయి మెరిసే ఇనుము బయటపడింది. అది ఇప్పటికీ అలాగే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

5. దెబ్బ కొట్టండి, లాగవద్దు. మరలు మామూలు కుడి మరలే. రిసీవర్ వెనక నిలబడి మూతి వైపు చూస్తే, రిసీవర్ గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరగాలి. మొండి బ్యారెల్‌ని చాలామంది పొరపాటున తప్పు దిశలో తిప్పి ఇంకా బిగించేస్తుంటారు. దిశను బాణంగా రెంచ్ మీద గీసుకోండి.

రెంచ్‌ని రిసీవర్ ముందు ఉంగరం మీద సమంగా బిగించండి. మౌజర్‌కు అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి రెంచ్ చదును వైపు కిందికి రావాలి. రెండడుగుల కడ్డీ చాలు. ఒక చేత్తో కడ్డీని తిరగాల్సిన వైపు నొక్కి ఉంచి, కొసన సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి. నిదానంగా లాగే బలం కంటే చటుక్కున పడే దెబ్బ తుప్పును బాగా విడగొడుతుంది. పొడుగు పైపుతో మెల్లగా లాగితే అంతా మెలితిరుగుతుంది తప్ప కీలు వదలదు.

కీలు విడిపోయినప్పుడు ఎండు కొమ్మ విరిగినట్టు "టక్" మని చప్పుడు వస్తుంది. మొదటిసారి వింటే ఏదో పగిలిందని గుండె ఝల్లుమంటుంది. భయపడకండి, ఆగి గీతలు చూడండి.

- రిసీవర్ గీత పక్కకు జరిగి, వైస్ గీత అలాగే ఉంటే వచ్చేసినట్టే. ఇక చేత్తో తిరుగుతుంది.
- వైస్ గీత జరిగితే బ్యారెల్ జారుతోంది. ఆపండి. 4వ మెట్టు మళ్లీ మొదటి నుంచి.
- రెండూ కదలకపోతే మీ పట్టు బాగుంది, బ్యారెల్ నిజంగానే మొండిది. 6కు వెళ్లండి.
- రిసీవర్‌కూ రెంచ్‌కూ మధ్య కదలిక ఉంటే రెంచ్ వదులు. ఆపి బిగించండి, లేకపోతే రిసీవర్ మీద గాట్లు పడతాయి.

నాలుగైదు దెబ్బలకు మించి వేయకండి. కదలనిదాన్ని యాభై దెబ్బలు కొట్టినా కదలదు, రిసీవర్ మాత్రం అలసిపోతుంది.

6. వేడి చేయండి, హద్దులో. ముందు అసిటోన్, నూనె మొత్తం తుడిచి ఆరనివ్వండి. సీసాలు, తడి గుడ్డలు గది బయట పెట్టండి. అసిటోన్ ఆవిరి చాలా తేలిగ్గా అంటుకుంటుంది.

హీట్ గన్‌తో రిసీవర్ ముందు ఉంగరాన్ని చుట్టూ తిప్పుతూ ఐదు పది నిమిషాలు వేడి చేయండి. బ్యారెల్‌ని కాదు. రిసీవర్ వ్యాకోచించి బ్యారెల్ చల్లగా ఉండాలి. 150 డిగ్రీల సెల్సియస్ దాటించవద్దు. థర్మామీటర్ లేకపోతే దోసె పెనం పరీక్ష చేయండి. వేలితో ఒక చుక్క నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని అక్కడే ఆవిరైపోవాలి. చుక్క ముత్యంలా దొర్లుతుంటే వేడి ఎక్కువైంది, చల్లారనివ్వండి. వేడిగా ఉండగానే 5వ మెట్టు మళ్లీ చేయండి.

గ్యాస్ టార్చ్ మాత్రం ముట్టుకోవద్దు. రిసీవర్ ఉక్కుకు గట్టిదనం వచ్చిందే కొలిచి ఇచ్చిన వేడితో. మంట పెడితే ఆ గట్టిదనం పోతుంది, పైకి ఏమీ తెలియదు. పాత మౌజర్ల ఉక్కు పైపొర మాత్రమే గట్టిగా ఉండేలా చేసినది, దానికి ఇంకా ప్రమాదం. తూటా పేలినప్పుడు బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ని తాళంలా పట్టి ఉంచే పళ్లు) ఆనేది సరిగ్గా అక్కడే, మీ మొహానికి అరచేతి దూరంలో.

మరలకు ఎర్ర లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా రాసే జిగురు) పెట్టి ఉందని తెలిస్తే అది మెత్తబడటానికి 250 డిగ్రీల దాకా కావాలి. ఇంట్లో అది చేయవద్దు, తుపాకీ పనివాడికి ఇచ్చేయండి.

వేడి, నూనె రెండు మూడుసార్లు మార్చి మార్చి చేయవచ్చు. చల్లారిన వెంటనే నూనె పోస్తే లోపలికి బాగా దిగుతుంది.

7. కోత: బ్యారెల్ పారేసేదైతేనే. రైఫిల్‌ని లేత్ మీద పెట్టి, రిసీవర్‌కు ముందు ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో బ్యారెల్ చుట్టూ సన్నటి గాడి కోయండి. రెమింగ్టన్ అయితే రికాయిల్ లగ్‌కు ముందు. లోతు మరల వ్యాసం దాకా వస్తే చాలు. రెమింగ్టన్ 700 మర వ్యాసం 1.0625 అంగుళాలు. భుజం (మరల ముందు రిసీవర్‌కు ఆనే బ్యారెల్ అంచు) దగ్గర బ్యారెల్ సుమారు 1.2 అంగుళాలు ఉంటుంది కాబట్టి లోతు అటూ ఇటూగా 1.75 మిల్లీమీటర్లు. భుజం రిసీవర్‌ని నొక్కుతున్న ఒత్తిడే బిగువంతా. గాడి పడగానే ఆ ఒత్తిడి వదిలిపోతుంది. అప్పటిదాకా దెబ్బలకు లొంగనిది కూడా తరచుగా చిన్న తోపుతోనే తిరిగిపోతుంది.

మరీ లోతుగా కోస్తే తిప్పేటప్పుడు బ్యారెల్ అక్కడే తెగి, మరల ముక్క రిసీవర్ లోపల ఉండిపోతుంది. అది పెద్ద టెన్షన్. కొద్దికొద్దిగా కోసి, మధ్యమధ్యలో విప్పి చూడండి. లేత్ లేకపోతే మెషిన్ షాపుకు ఇవ్వండి, తీసుకుంటారో లేదో ముందే కనుక్కుని. హ్యాక్‌సా బ్లేడుతో చుట్టూ కోసేవాళ్లూ ఉన్నారు. నేను సలహా ఇవ్వను. బ్లేడు ఒక్కసారి పక్కకు జారినా గాటు పడేది రిసీవర్ అంచు మీద.

మౌజర్ 98 దగ్గర ఈ కోత అంతగా పనిచేయకపోవచ్చు. ఒత్తిడి ఉండేది బయటి భుజం మీద కాదు, లోపలి కట్టు మీద. దానికి నూనె, ఓపిక, మంచి పట్టే మందు.

వచ్చింది సరే, రిసీవర్ బాగుందా?

బ్యారెల్ చేతికి రాగానే సంబరపడి ఈ పరీక్షలు వదిలేయకండి.

మరలను బ్రష్, అసిటోన్‌తో కడిగి టార్చిలైటుతో చూడండి. పాత బ్యారెల్ మరల్లో వెండిపోగుల్లా ఇనుము చిరిగి అంటుకుని ఉంటే రిసీవర్ మరలు కూడా గీసుకుని ఉంటాయి. స్టెయిన్‌లెస్ బ్యారెల్, స్టెయిన్‌లెస్ రిసీవర్ జంటలో ఇది ఎక్కువ.

పగుళ్లకు మన వర్క్‌షాపుల పాత పద్ధతి బాగా పనిచేస్తుంది. రిసీవర్ ముందు ఉంగరానికి కిరోసిన్ పూసి పదిహేను నిమిషాలు ఉంచండి. పొడిగా తుడిచేసి, సుద్దపొడిని పలుచగా రుద్దండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నని తడి గీత కనిపిస్తుంది. ఎం1917కు ఇది తప్పనిసరి. గీత కనిపించిందంటే ఆ రిసీవర్ పని అయిపోయింది. వెల్డింగ్‌తో బాగుచేద్దామని ఆలోచించకండి.

తర్వాత బోల్ట్ వేసి చూడండి. పని మొదలుపెట్టకముందు ఎలా జారేదో అలాగే జారాలి. ఒకచోట పట్టేస్తుంటే రిసీవర్ మెలి తిరిగి ఉండవచ్చు. అందుకే రైఫిల్ విప్పకముందే బోల్ట్‌ని పదిసార్లు ఆడించి ఆ అనుభూతి చేతికి గుర్తుండేలా చేసుకోవాలి.

తిరిగి బిగించేటప్పుడు

మరలకు యాంటీ-సీజ్ పేస్టు (మరలు పట్టేయకుండా రాసేది) పలుచగా రాయండి. ఇది రాసి ఉంటే ఈ పాట్లు చాలావరకు ఉండేవి కావు. భుజం ఉన్న బ్యారెల్‌ని చాలామంది 80 నుంచి 100 అడుగు-పౌండ్లకు బిగిస్తారు.

ఆ తర్వాత హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం) చూడకుండా ఒక్క తూటా కూడా పేల్చవద్దు. బోల్ట్‌లోంచి ఎజెక్టర్, ఫైరింగ్ పిన్ తీసి, గో గేజి పెట్టి బోల్ట్ మూయండి. రెండు వేళ్లతో మూసుకోవాలి. నో-గో గేజి మీద మూసుకోకూడదు. .308 వించెస్టర్‌కు గో 1.630 అంగుళాలు, నో-గో 1.634. తేడా 0.004 అంగుళాలు, అంటే ఇంచుమించు ఒక జిరాక్స్ కాగితం మందం. ఆ కాస్త తేడా దాటితే తూటా కేసు చిట్లి వేడి గ్యాస్ వెనక్కి రావచ్చు. పాత బ్యారెల్‌నే తిరిగి వేసినా కొలవాల్సిందే. "తీసిందే కదా పెట్టాను" అంటే సరిపోదు, మీ మొదటి గీత కలిసినా సరే.

నో-గో మీద బోల్ట్ మూసుకుంటే పేల్చడం ఆపేసి పనివాడికి చూపించండి. భుజం ఉన్న బ్యారెల్‌ని ఇంకా గట్టిగా బిగించి సర్దుదామనుకోవద్దు.

తీసిన బ్యారెల్ దాచుకుంటున్నట్టయితే మరలకు నూనె పూసి, ఒక చీటీ కట్టండి. ఏ రైఫిల్ నంబరుది, ఏ క్యాలిబర్, ఎప్పుడు తీశారు. రెండేళ్ల తర్వాత అల్మారాలో రెండు బ్యారెళ్లు ఒకేలా కనిపిస్తాయి.